వెనక చక్రం మర

డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో ప్రచురించిన ‘ఎవ్రీడే టెక్నాలజీ’ పుస్తకంలో నాలుగు చిన్న యంత్రాల కథ ఉంది: కుట్టుమిషను, సైకిలు, టైపురైటరు, రైసుమిల్లు. మన దేశంలో ఆధునికత ఎలా వచ్చిందో తెలియాలంటే రైళ్ళనీ ఆనకట్టలనీ చూస్తే చాలదు, ఇలాంటి వాటిని కూడా చూడాలంటాడాయన. నాకు బాగా నచ్చిన పుస్తకం. దాన్ని మూసేశాక నా బుర్రలో ఒక ప్రశ్న తిరగడం మొదలైంది. ఒక యంత్రాన్ని ఎవరు తయారుచేశారు, ఎవరు కొన్నారు, ఎవరు తొక్కారు అన్నది సరే, దాన్ని ఎవరు విప్పగలిగారు? చరిత్రలో ఈ నాలుగో రకం మనుషులకి దొరికే చోటు తక్కువ. సైకిలు వెనక చక్రానికి ఉండే పళ్ళచక్రాల గుత్తి ఒక్కదాన్నే పట్టుకుని ఈ ప్రశ్న వెంట కొంతదూరం వెళ్దాం.

అసలు గేర్లెందుకు? మా చిత్తూరు సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. బెంగళూరు రోడ్డు పట్టుకుని బంగారుపాళెం దాటి, మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు చేరేసరికి అది 680 మీటర్ల దాకా పోతుంది. బస్సులో నిద్రపోయేవాళ్ళకి ఈ తేడా తెలియదు. సైకిలు మీదైతే మోకాళ్ళకి తెలుస్తుంది. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న పెద్ద సైకిలు తీసుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఐదు మీటర్లు దాటి ముందుకి పోతుంది. వెనక 28 పళ్ళ చక్రం ఉంటే అదే చుట్టుకి మూడున్నర మీటర్లే పోతుంది. దూరం ఎంత తగ్గిందో కాలి మీద బరువూ అదే లెక్కలో తగ్గుతుంది. గేరంటే ఇంతే. మన దేశంలో లక్షలమంది ఈ 18 పళ్ళతోనే, పాలక్యాన్లు తగిలించుకుని, గడ్డిమోపులు కట్టుకుని బతుకంతా తొక్కారు. ఎత్తు వస్తే దిగి తోసుకుంటూ నడిచారు.

1885లో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలుతో ఇప్పుడు మనం చూసే ఆకారం దాదాపుగా వచ్చేసింది. రెండూ ఒకే సైజుకి దగ్గరగా ఉన్న చక్రాలు, వెనక చక్రానికి చైను. కానీ అప్పటికింకా చక్రం తిరిగినంతసేపూ పెడలూ తిరగాల్సిందే. పల్లంలో కాళ్ళు ఊరికే పెట్టుకుని కూర్చునే సుఖం 1890ల చివర్లో ఫ్రీవీల్ వాడకంలోకి వచ్చాక గానీ దొరకలేదు. దాని లోపల చిన్న ఇనుప నాలుకలుంటాయి. ముందుకి తొక్కితే పళ్ళని పట్టుకుంటాయి, తొక్కడం ఆపితే జారిపోతూ టిక్‌టిక్‌మంటాయి. హిందీ మిస్త్రీలు వీటిని ‘కుత్తే’ అంటారు. కరిచి పట్టుకుంటాయి కాబట్టి ఆ పేరు బాగానే అతికింది.

ఒకటి కాకుండా నాలుగైదు పళ్ళచక్రాలు ఉండాలని గట్టిగా వాదించినవాళ్ళలో ముఖ్యుడు ఫ్రాన్సులోని సెయింట్ ఎతియెన్ ఊరి పాల్ ద వివీ. ‘వెలోసియో’ అన్న కలంపేరుతో సైకిలు పత్రిక నడిపాడు. ఆ ఊరి చుట్టూ కొండలే. అందుకే గేర్లు ఆయనకి విలాసం కాదు, అవసరం. ఎదుటివైపు ఆన్రీ దెగ్రాంజ్ ఉన్నాడు, టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన పెద్దమనిషి. గేర్లు ముసలివాళ్ళకి పనికొచ్చేవని, కుర్రవాడు కండబలంతో గెలవాలని ఆయన పట్టు. ఆ పట్టు చాలాకాలం నెగ్గింది. పోటీదారులు వెనక చక్రానికి రెండు పక్కలా చెరో సైజు పళ్ళచక్రం బిగించుకుని, కొండ కింద దిగి, చక్రం విప్పి తిప్పి పెట్టుకునేవాళ్ళు. చైనుని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదకి దాటించే డిరెయిలర్‌ని టూర్‌లో 1937లోగానీ ఒప్పుకోలేదు. ఆ ఏడాది దాంతోనే గెలిచినవాడు రోజే లాపెబి. వచ్చిన పరికరాన్ని వాడితే మగతనం తగ్గుతుందనే వాదన ఐటీ కంపెనీల్లో కూడా వినబడుతూనే ఉంటుంది కాబట్టి ఇది నాకు పాతకథలా అనిపించదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. సెయింట్ ఎతియెన్ తుపాకుల ఊరు. అక్కడి ఒక పెద్ద కంపెనీ పేరులోనే ఆయుధాలూ సైకిళ్ళూ పక్కపక్కన ఉండేవి. ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ 1861లో తుపాకులు చేయడానికి పుట్టి, 1880 నుంచి సైకిళ్ళలోకి దిగింది. ఆ పేరులోని మొదటి అక్షరాలే మన బీఎస్ఏ. మూడోది జపానులో సకాయ్. కత్తులకీ పాతకాలపు తుపాకులకీ పేరుపడిన ఆ ఊళ్ళో 1921లో షోజబురో షిమానో ఒక చిన్న కార్ఖానా పెట్టాడు. ఆయన మొదటి సరుకు ఫ్రీవీలే. ఈ పోలిక కాకతాళీయం కాదని నా నమ్మకం. తుపాకీ ఆర్డర్లు యుద్ధం అయిపోగానే ఆగిపోతాయి. ఉక్కుని వెంట్రుకవాసి తేడా లేకుండా కోయగల యంత్రాలూ చేతులూ మాత్రం మిగిలిపోతాయి. వాటికి దొరికిన శాంతికాలపు పని సైకిలు.

ఆ కొలత అలవాటే సైకిలుకి అన్నిటికంటే విలువైన భాగాన్నిచ్చింది. అది పైకి కనిపించదు. వెనక హబ్బు మీద ఫ్రీవీల్ బిగుసుకునే మర అది. బ్రిటిష్ పద్ధతిలో దాని వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ఫ్రెంచివాళ్ళది వేరు, ఇటలీవాళ్ళది ఇంకాస్త వేరు. మనకి ఇంగ్లాండు సైకిళ్ళే దిగుమతయ్యాయి కాబట్టి ఆ మరే దిగుమతయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మురుగప్ప కుటుంబం ఇంగ్లాండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో వచ్చాయి. కంపెనీలు పోటీపడ్డాయి, రంగులూ స్టిక్కర్లూ మారాయి, మర మారలేదు. అందుకే లూథియానా ఫ్రీవీల్ అంబత్తూరు చక్రానికి ఎక్కేది. వలసపాలన వదిలివెళ్ళిన వాటిలో ఎవరూ ఊరేగింపు చేయని మంచి వస్తువు ఇదేనేమో.

ఈ చరిత్రని నేను చేత్తో ముట్టుకుని చూసింది చిత్తూరులో మా ఇంటి వరండాలో. నా ఏడు గేర్ల సైకిలు వెనక పళ్ళు అరిగి, ఘాటు ఎక్కేటప్పుడు చైను జారుతోంది. చైను కూడా అరిగిందని స్కేలు చెప్పింది. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 పిన్నులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అరవయ్యో వంతుల లెక్క అక్కర్లేదు, పదహారో వంతు అంగుళం ఎక్కువొస్తే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే పళ్ళు కూడా పోయినట్టే.

బెంగళూరు నుంచి కొత్త ఫ్రీవీల్, దాన్ని విప్పే చిన్న పళ్ళ పానా తెచ్చుకున్నాను. పానాని గాట్లలో కూర్చోబెట్టి, జారకుండా ఇరుసు నట్టుని దాని మీద వదులుగా బిగించి, పెద్ద స్పానరుతో ఎడమవైపు తిప్పాలి. మామూలు బలానికి అది కదలదు. ఎందుకంటే తొక్కే ప్రతి తొక్కూ ఫ్రీవీల్‌ని హబ్బు మీద ఇంకాస్త బిగిస్తుంది. నేను రెండేళ్ళు ఎక్కిన ఎత్తులన్నీ ఆ మరలోనే దాక్కుని ఉన్నాయి. స్పానరుకి ఇనుప గొట్టం తొడిగి నిలబడి నొక్కితే టప్పుమని వదిలింది. వెంటనే నట్టు తీసేసి మిగతాది చేత్తో తిప్పేయొచ్చు.

మర బాగుందో లేదో చూపిద్దామని చక్రాన్ని వీధి చివర సైకిల్ షాపుకి తీసుకెళ్ళాను. షాపు పెద్దాయన ఏమీ అడక్కుండా గోడకి వేలాడుతున్న ఒంటిపళ్ళ ఫ్రీవీల్, పాత పెద్ద సైకిళ్ళకి వేసేది, తీసి నా హబ్బు మీద రెండు వేళ్ళతో తిప్పాడు. నూనె రాసినట్టు పోయి కూర్చుంది. “మర బాగుంది నాయినా, గ్రీజు పెట్టి ఎక్కించుకో” అన్నాడు. ఏడు గేర్ల ఫ్రీవీల్ ఎలా విప్పుతావన్నా అని అడిగితే, “పానా ఉంటే నిమిషం పని, లేదంటే దినమంతా దీంతోనే” అంటూ పంచూ సుత్తీ చూపించాడు. గేర్ల సైకిలు ఆయన చదువుకి కొత్తది కాదు. మర ఆయనకి తెలుసు. లేనిదల్లా కొన్ని వందల రూపాయల పానా.

ఇప్పుడు కొత్తగా వచ్చే ఖరీదైన సైకిళ్ళలో ఆ మరే లేదు. షిమానో 1978లో ఫ్రీహబ్ తెచ్చింది. అంటే టిక్‌టిక్‌మనే భాగం హబ్బులోనే ఉండిపోతుంది, పళ్ళచక్రాలు మాత్రం గాళ్ళ మీద జారి కూర్చుంటాయి, చివర ఒక రింగు బిగిస్తారు. ఇదే కేసెట్. ఇంజనీరుగా చూస్తే ఇది మెరుగైన పని. ఇరుసుకి ఆసరా బాగా దొరుకుతుంది, తొక్కుడుకి బిగుసుకుపోవడం ఉండదు, విప్పడం తేలిక. కానీ గాళ్ళు కంపెనీకో రకం. కాంపన్యోలోది వేరు, స్రామ్ ఎక్స్‌డీ వేరు, షిమానోలోనే 2018లో వచ్చిన మైక్రోస్ప్లైన్ పాతదాని మీద ఎక్కదు. విప్పడం సులువైంది, విప్పాక ఏం తెచ్చి పెట్టాలన్నది మాత్రం కంపెనీ చేతిలోకి వెళ్ళింది.

రిపేరు హక్కు గురించి మాట్లాడుకునేటప్పుడు మనకి ఫోన్లూ ట్రాక్టర్లూ గుర్తొస్తాయి. కేంద్రప్రభుత్వం 2022లో ఆ పేరుతో ఒక పోర్టల్ కూడా పెట్టింది. నాకు మాత్రం ఆ హక్కు చట్టంలో కంటే ముందు కొలతలో ఉందనిపిస్తుంది. యంత్రం సరళంగా ఉండటం వల్ల వీధి మిస్త్రీ దాన్ని విప్పలేదు. ఫ్రీవీల్ లోపలి గోళీలూ నాలుకలూ చూస్తే సరళమనే మాట ఎవరూ అనరు. అందరూ ఒకే మర కోశారు కాబట్టి విప్పాడు. అదే మర ఉన్నన్నాళ్ళు, ఆయన నేర్చుకున్నది నాలుగు కంపెనీలకీ నాలుగు తరాలకీ పనికొచ్చింది.

కాబట్టి గేర్ల సైకిలు కొనబోయే మిత్రులు గేర్లెన్ని అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: వెనక ఉన్నది మరా, గాళ్ళా? గాళ్ళయితే ఎవరివి? దాన్ని విప్పే పానా ఒకటి కొని మీ వీధి షాపులో ఇవ్వండి. ఘాటు ఎక్కేది మీరే అయినా, ఎక్కించేది ఆ చేతులు.