కి. రాజనారాయణన్

కి. రాజనారాయణన్ (16 సెప్టెంబరు 1923 – 17 మే 2021): తమిళ నవలాకారుడు, కథకుడు, జానపద కథల సేకర్త. ‘కి.రా.’గా ప్రసిద్ధుడు. మదురైకి దక్షిణాన కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టాడు. కథకుడు కు. అళగిరిసామిదీ ఆ ఊరే. బడి చదువు మధ్యలోనే ఆగింది. కమ్యూనిస్టు పార్టీలో చేరి, రైతు పోరాటాల్లో జైలుకెళ్లాడు.

ముప్పై దాటాకే రచన మొదలుపెట్టాడు. ‘కదవు’ కథలో పన్ను బకాయి కింద అధికారులు పేదింటి తలుపు ఊడబీక్కుపోతారు. దానిమీద ఊగి ఆడుకున్న పిల్లలు చావడిలో అది కనబడగానే వాటేసుకుంటారు.

‘గోపల్ల గ్రామం’ (1976) తెలుగు వలసల నవల. పాలకుడి కన్ను తమ ఆడపిల్లమీద పడడంతో ఒక వంశం దక్షిణానికి పారిపోయి, అడవి కాల్చి, నల్లరేగడిని సాగులోకి తెస్తుంది. దీని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రేగడిసీమ మాండలికానికి నిఘంటువు కూర్చాడు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జానపద సాహిత్యం బోధించాడు. పుదుచ్చేరిలో మరణించగా, ఇడైసెవల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.