గుత్తి పేరు, నల్లమల తొర్ర

సాలె అంటే నేతగాడు కనుక సాలెపురుగు అన్న మాటలోనే నేత ఉంది. ఆ నేతల్లో గరాటు గూడు ఒక రకం: వెడల్పైన నోటి నుంచి లోపలికి సన్నబడే పట్టు గొట్టంలో సాలెపురుగు పొంచి ఉండి, దారం అదరగానే బయటికి దూకి, ఎరను విషపు కోరలతో పట్టుకుంటుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ గరాటు సాలెపురుగు కాటు మనుషుల ప్రాణాలు తీసినందున, 1981లో దానికి విరుగుడు మందు వచ్చింది. రాయలసీమ అంచున చెట్ల తొర్రల్లో వంకర గరాటు గూడు అల్లే పీసిలోథీరియా మెటాలికా వేరే కుటుంబానికి, అంటే టారంటులాలకు చెందినది; దాని కాటు తీవ్రమైన నొప్పి, కండరాల పట్టు కలిగిస్తుంది గానీ, మనిషి చనిపోయిన దాఖలా లేదు.

దీనిని శాస్త్రలోకానికి 1899లో పరిచయం చేసినవాడు బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. నమూనా దొరికిన చోటు గుత్తి రైల్వే కలప యార్డు కావడంతో గుత్తి పేరే దానికి స్థిరపడింది. కడప నుంచి యర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా గుత్తిని దాటే మద్రాసు రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గాన్ని కలుసుకోగా, తరువాతి రెండు దశాబ్దాలలో గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు మీదుగా బెజవాడ వైపు వెళ్లే మీటరు గేజి మార్గం నల్లమలను చీల్చుకుని సాగింది. అడవి దుంగలతో పాటు తొర్రలోని జీవి కూడా బండెక్కి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని గుత్తికి చేరి ఉంటుందన్నదే పరిశోధకులు చెప్పే కారణం, అది నమ్మదగినదే; ఎందుకంటే గుత్తి పరిసరాల్లో తరువాత ఎంత వెదికినా అది కనిపించలేదు. చిరునామా తప్పు కావడం వల్లే ఒక జీవి తన సొంత అడవిలో శతాబ్దం పాటు అజ్ఞాతంగా ఉండిపోయింది. నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో అది మళ్లీ కనబడింది 2001లో.

దాని మెరిసే నీలం వర్ణద్రవ్యం వల్ల వచ్చినది కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మ నిర్మాణం వెలుతురును వెనక్కి మళ్లించే తీరులో పుట్టేది. ఆ అందమే దానికి ముప్పు తెచ్చింది. ఐరోపా, అమెరికాల్లో సాలెపురుగులను పెంచుకునేవారు దాన్ని ఇష్టపడి కొన్నారు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా ప్రకటించింది. అప్పటికి తెలిసిన ఆవాసం 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 2019లో జెనీవా సమావేశం ఈ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు రెండో అనుబంధంలో చేర్చింది. ఆ నియంత్రణ సరిహద్దు దాటే వ్యాపారానికే గానీ, వంటచెరకుకు, కలపకు జరిగే నరుకుడుకు వర్తించదు. పాత చెట్లు తగ్గి తొర్రలు కరువైనచోట, ఒంటరిగా బతకవలసిన ఈ సాలెపురుగులు కొన్ని ఒకే తొర్రలో ఇరుక్కుని కాపురం చేస్తాయి.