దామోదరం సంజీవయ్య: చట్టసభల జీవితం

దామోదరం సంజీవయ్య (1921–1972) కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన రాజకీయ నాయకుడు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా, కేంద్ర కార్మిక శాఖ మంత్రిగా, అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా పనిచేశారు. దేశంలో ముఖ్యమంత్రి పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. ఈ ‘తొలి’ అన్న మాట జనం నోట ఎంతగా నిలిచిందంటే, చట్టసభల్లో ఆయన చేసిన పని దాని వెనక మరుగున పడిపోయింది. తాత్కాలిక పార్లమెంటు, మద్రాసు శాసనసభ, కర్నూలులో కొలువైన ఆంధ్ర శాసనసభ, హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ శాసనసభ, చివరికి రాజ్యసభ. ఇరవై రెండేళ్లలో ఇన్ని సభలు చూసిన రాయలసీమ నాయకులు అరుదు. చదువు, కూలి, కులం అన్న మూడు సమస్యలూ ఏదో ఒక రూపంలో ఈ సభలన్నిటిలోనూ ఆయన ముందుకు వచ్చాయి.

బాల్యం, చదువు

పెదపాడు కర్నూలు పట్నానికి దగ్గరి ఊరు. తల్లిదండ్రులు సుంకులమ్మ, మునయ్య. సంజీవయ్య పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. అన్న కష్టం మీద తమ్ముడి చదువు సాగింది. కర్నూలు మున్సిపల్ హైస్కూలు తర్వాత అనంతపురం దత్తమండల కళాశాలలో బి.ఏ. చదివారు. 1916లో మొదలైన ఈ కళాశాలే ఆ రోజుల్లో సీమ పిల్లలకు పెద్ద ఆధారం. కర్నూలులో ఉస్మానియా కళాశాల 1947లో గాని పుట్టలేదు. అంటే పెదపాడు కుర్రవాడు డిగ్రీ చదవాలంటే జిల్లా దాటక తప్పలేదు. ఆ పైన చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంటూ మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1948లో పట్టా అందుకున్నారు.

మెట్ట సీమలో చదువు సమస్యను బడి ఉందా లేదా అన్న లెక్కతోనే తేల్చలేం. వాన తప్పితే ఇల్లంతా పనికి కదలాలి. పిల్లవాడు బడికి వెళితే ఇంటికి ఒక కూలి తగ్గుతుంది. కర్నూలు పడమటి మండలాల్లో పనుల కోసం ఊరు విడిచి వెళ్లడాన్ని నేటికీ ‘సుగ్గికి పోవడం’ అంటారు. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు బయలుదేరిన కుటుంబం వెంట బడి ఈడు పిల్లలూ వెళతారు. చదువునూ కూలి రేటునూ ఒకే సమస్యగా చూడటం ఈ నేల మీద పుట్టినవారికి ఎవరూ నేర్పాల్సిన పని కాదు.

తాత్కాలిక పార్లమెంటు, 1951 సవరణ

రాజ్యాంగం అమల్లోకి వచ్చాక, తొలి సార్వత్రిక ఎన్నికలు ముగిసేదాకా రాజ్యాంగ సభే తాత్కాలిక పార్లమెంటుగా పనిచేసింది. దానికి ఒకటే సభ. ముప్పై ఏళ్లయినా నిండని సంజీవయ్య అందులో సభ్యుడయ్యారు.

ఆ సభ తీసుకున్న నిర్ణయాల్లో విద్యకు సంబంధించి అన్నిటికన్నా పెద్దది 1951లో జరిగింది. మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను ‘కమ్యూనల్ జీవో’ ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులకూ ఆంగ్లో ఇండియన్లకూ కలిపి 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ అనే మహిళ దీన్ని సవాలు చేశారు. మతం, కులం ఆధారంగా ప్రవేశం నిరాకరించడం చెల్లదంటూ సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో ఆ జీవోను కొట్టేసింది.

సంజీవయ్య న్యాయశాస్త్రం చదివింది ఆ మద్రాసులోనే, అంతకు మూడేళ్ల ముందు. ఆయనకు ఇది పుస్తకాల్లో చదివిన వివాదం కాదు. తీర్పు వచ్చిన రెండు నెలలకే, జూన్‌లో, తాత్కాలిక పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణను ఆమోదించింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకూ షెడ్యూల్డు కులాలు, తెగలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వాలకు దక్కింది. 15వ అధికరణంలో చేరిన నాలుగో నిబంధన ఇదే. నేడు కళాశాలల్లో నడిచే రిజర్వేషన్లకు పునాది అక్కడ పడింది. అదే సవరణలో వాక్‌స్వాతంత్ర్యంపై ఆంక్షలూ, జమీందారీ రద్దు చట్టాలకు రక్షణా ఉన్నాయి. సభలో వేడి ఎక్కువగా పుట్టింది వాక్‌స్వాతంత్ర్యం మీదే. సీట్ల సంగతి ఆ వేడిలో కొంత పక్కకు జరిగినా, సామాన్య కుటుంబాల్లో ఎక్కువ మార్పు తెచ్చింది మాత్రం అదే.

మద్రాసు నుంచి కర్నూలుకు

1952లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ మంత్రివర్గంలో సంజీవయ్యకు సహకార, గృహనిర్మాణ శాఖలు దక్కాయి. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వం పల్లె బడుల్లో కొత్త విధానం తెచ్చింది. బడి వేళలు కుదించి, మిగిలిన సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. ప్రత్యర్థులు దానికి కులవిద్య అని పేరు పెట్టారు. చాకలి కొడుకు చాకలిగానే మిగలాలా అన్నది వాళ్ల ప్రశ్న. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ దాన్ని ఎత్తేశారు.

విద్యాశాఖ సంజీవయ్య చేతిలో లేదు, నిజమే. కానీ మంత్రివర్గ బాధ్యత ఉమ్మడిది. చదువు వల్లే పైకొచ్చిన మనిషి ఆ విధానం తెచ్చిన ప్రభుత్వంలో ఉండటం ఆయన రాజకీయ జీవితంలో ఇబ్బందికరమైన ఘట్టమే, జీవిత చరిత్రలు దీన్ని దాటవేయకూడదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ప్రకాశం మంత్రివర్గంలో చేరిన సంజీవయ్యకు చట్టసభ సొంత ఊరి పక్కకే వచ్చినట్టయింది.

ముఖ్యమంత్రి

1960 జనవరి 11న ఆయన ముఖ్యమంత్రి అయ్యేటప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు నిండలేదు. 1962 మార్చి వరకు కొనసాగారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగం ఆదేశిక సూత్రాల్లో పెట్టిన గడువు పదేళ్లు. సంజీవయ్య పదవిలోకి వచ్చిన నెలలోనే అది ముగిసింది, లక్ష్యం మాత్రం ఎక్కడా నెరవేరలేదు. 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. చట్టం రాసుకోవడం వేరు, బడికి పంపని తండ్రి మీద దాన్ని ప్రయోగించడం వేరు. కూలికి పోయే పేదవాడికి జరిమానా వేయడానికి ఏ ప్రభుత్వానికీ మనసొప్పలేదు. విద్య ప్రాథమిక హక్కు కావడానికి 2002 దాకా, ఆ హక్కుకు చట్టం అమల్లోకి రావడానికి 2010 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది.

వృద్ధాప్య పింఛను 1960లో, అవినీతి నిరోధక శాఖ 1961లో వచ్చాయి. తల్లికి డబ్బు ఇవ్వబోతే ఊళ్లో మిగతా ముసలివాళ్ల సంగతేమిటని ఆమె అడిగిందనీ, పింఛను ఆలోచన అలా పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ బాగుంది. అయితే ఉత్తరప్రదేశ్‌లో 1957 నుంచే ఇలాంటి పథకం నడుస్తున్నదని గుర్తుంచుకోవాలి.

కార్మిక మంత్రిగా పార్లమెంటులో

1964లో లాల్ బహదూర్ శాస్త్రి ఆయనను కార్మిక, ఉపాధి శాఖకు తీసుకున్నారు. సంజీవయ్య రాజ్యసభ సభ్యుడు. మంత్రి ఏ సభవాడైనా రెండు సభల్లోనూ మాట్లాడవచ్చు, ఓటు మాత్రం తన సభలోనే. ప్రశ్నోత్తరాల సమయంలో నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు అక్కడికక్కడే బదులివ్వాలి.

ఆయన హయాంలో వచ్చిన వాటిలో ముఖ్యమైనది 1965 బోనస్ చెల్లింపు చట్టం. అంతకుముందు బోనస్ యజమాని దయగానో, సమ్మె చేసి గెలుచుకున్నదిగానో ఉండేది. బోనస్‌పై వేసిన మెహెర్ కమిషన్ నివేదిక ఆధారంగా ముందు ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చాయి. కర్మాగారాల్లోనూ, 20 మందికి తక్కువ కాని ఇతర సంస్థల్లోనూ లాభం వచ్చినా రాకపోయినా కనీసం 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది బోనస్‌గా ఇవ్వాలన్నారు. గరిష్ఠం 20 శాతం. 1970లో మళ్లీ అదే శాఖకు వచ్చినప్పుడు కాంట్రాక్టు కార్మికుల నియంత్రణ, రద్దు చట్టం వెలువడింది.

ఇదే కాలంలో లోక్‌సభలో కడప స్థానం కమ్యూనిస్టు నాయకుడు యెద్దుల ఈశ్వరరెడ్డిది. 1952, 1962, 1967, 1971 ఎన్నికల్లో ఆయన అక్కడ గెలిచారు. కర్నూలు–కడప (కె.సి.) కాలువ కలిపే ఈ రెండు జిల్లాల నుంచి ఒకరు ప్రభుత్వ బల్లల మీద, ఒకరు ప్రతిపక్షంలో. ఇద్దరికీ కూలివాడి బతుకే ముఖ్యం, ఎంచుకున్న దారులు వేరు.

ఒక మాట చెప్పక తప్పదు. బోనస్ చట్టం కర్మాగారాల కార్మికుడికి అండగా నిలిచింది. సుగ్గికి పోయే వ్యవసాయ కూలీకి అది వర్తించలేదు. సంజీవయ్య సొంత జిల్లాలో ఎక్కువమంది ఆ రెండో రకం.

ఆ తర్వాత

1962లోనూ, 1971లోనూ సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో మరణించారు. హంద్రీ నది మీది గాజులదిన్నె జలాశయాన్ని సంజీవయ్య సాగర్ అంటారు. విశాఖపట్నం దగ్గర సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికీ, హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న పార్కుకూ ఆయన పేరే. ఒకప్పుడు డిగ్రీకి జిల్లా దాటాల్సి వచ్చిన ఈ నేల మీద, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అయినా 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత కడప జిల్లాలో 67.30 శాతం, కర్నూలు జిల్లాలో 59.97 శాతం.