ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం: పొడవు వెనుక చరిత్ర

ప్రపంచంలోకెల్లా పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఏదన్న ప్రశ్నకు ఒక తరం విద్యార్థులు తడుముకోకుండా చెప్పిన సమాధానం ఖరగ్‌పూర్. గిన్నిస్ గ్రంథం దాని పొడవును 833 మీటర్లుగా నమోదు చేసింది. తరువాతి పొడిగింపుతో అది 1,072.5 మీటర్లకు చేరింది. అంత పొడవు ఎందుకు అవసరమైందన్న విషయాన్ని మాత్రం సామాన్య విజ్ఞాన పుస్తకాలు పట్టించుకోలేదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1900లో రూపనారాయణ నదిపై కోలాఘాట్ వంతెన పూర్తి కావడంతో హౌరాకు చేరుకుంది. హౌరా నుంచి బొంబాయి వైపు, మద్రాసు వైపు పోయే మార్గాలు ఖరగ్‌పూర్‌లోనే చీలుతాయి. ఇటువంటి కూడలిలో ఒకే వేళకు పలు బండ్లు వచ్చి చేరతాయి. ఆవిరి యంత్రాల కాలంలో ఇంజను మార్చడానికీ, నీరు పట్టడానికీ వాటిని చాలాసేపు నిలపవలసి వచ్చేది.

రద్దీ పెరిగినప్పుడు పక్కపక్కనే కొత్త ప్లాట్‌ఫారాలు కట్టవచ్చు. అందుకు వెడల్పైన స్థలం కావాలి. ప్రయాణికులు సామానుతో వంతెన మెట్లెక్కి దిగాలి. ఉన్నదానినే పొడిగిస్తే రెండు బండ్లు ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. నడుమ కత్తెర ఆకారంలో పట్టాలు కలిపితే వెనుక బండి ముందుదాని కోసం ఆగకుండా పక్క లైనులోకి మళ్ళి సాగిపోతుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి స్టేషను చిరకాలం ఈ పద్ధతిమీదనే నడిచింది. పాత రకం పెట్టె పొడవు సుమారు 22.3 మీటర్లు, 24 పెట్టెల బండ్లు రెండింటికి, ఇంజన్లు మినహా, దాదాపు 1,070 మీటర్లు. ఖరగ్‌పూర్ కొలత ఈ లెక్కకు ఇంచుమించు సరిపోవడం గమనార్హం. అయితే పెట్టె ఏ చివర ఆగుతుందో తెలియని వృద్ధ ప్రయాణికునికి ఈ పొడవు కిలోమీటరు నడకే!

ఈ కూడలికి తెలుగువారితో గాఢమైన సంబంధం ఉంది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో విలీనమైంది. దానితో ఉత్తరాంధ్ర ప్రాంతం, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు అక్కడి రైల్వే కార్ఖానాలోనూ, ఇతర కొలువులలోనూ చేరి, తరతరాలుగా స్థిరపడ్డారు. ప్లాట్‌ఫారం పొడవును మీటరు భిన్నాలతో సహా నమోదు చేసిన గ్రంథాలలో ఈ వలసకు ఒక్క వాక్యమైనా దక్కలేదు.

రికార్డు 2013లో గోరఖ్‌పూర్‌కు (1,366.33 మీటర్లు), 2023లో హుబ్బళ్ళికి (1,507 మీటర్లు) తరలిపోయింది. ఆ రెండింటి నడుమ, 2020 డిసెంబరులో, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది.