వానలో పార్నెల్

1891 సెప్టెంబర్ 27. ఐర్లండ్‌లో క్రెగ్స్ అనే చిన్న ఊరు. జోరు వానలో, నెత్తిన టోపీ లేకుండా, నొప్పి చేతిని మెడకు కట్టుకుని ఐరిష్ నాయకుడు చార్లెస్ స్టువర్ట్ పార్నెల్ మాట్లాడుతున్నాడు. వయసు 45. ఇంకో పది రోజులు కూడా బతకడు.

అంతకు రెండున్నరేళ్ల ముందు ఆయన మకుటం లేని మహారాజు. హత్యలను సమర్థిస్తూ ఆయన రాశాడని ‘టైమ్స్’ అచ్చేసిన ఉత్తరం దొంగదని తేలింది. దాన్ని సృష్టించిన పిగట్ చేత బోనులో కొన్ని మాటలు రాయిస్తే, ఉత్తరంలోని అక్షరదోషాన్నే మళ్లీ రాసి దొరికిపోయాడు. పార్నెల్ బ్రిటిష్ పార్లమెంటులో లేచేసరికి లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్ సహా ఆ పార్టీ సభ్యులంతా నిలబడి హర్షధ్వానాలు చేశారు.

అబద్ధం ఆయన్ని ఏమీ చేయలేకపోయింది. పడగొట్టింది నిజమే.

1889 క్రిస్మస్ ముందు రోజున కెప్టెన్ ఒషే విడాకుల దావా వేశాడు. ఆయన భార్య కేథరిన్ ఏళ్ల తరబడి పార్నెల్‌తోనే ఉంటోంది. ఒషేకు తెలియదా? ఆమె పెద్దమ్మ ఆస్తి వస్తుందని నోరు మూసుకున్నాడు. పెద్దమనుషులకూ తెలుసు, గ్లాడ్‌స్టన్‌కు రాయబారాలు నడిచింది ఆమె చేతుల మీదుగానే. పార్నెల్ ఎవరికీ నీతులు చెప్పినవాడు కాదు. కోర్టులో మాత్రం నోరు విప్పలేదు. ఆయన కిటికీలోంచి నిచ్చెన దిగి పారిపోయేవాడని వంటమనిషి సాక్ష్యం చెప్పింది. లండన్ వీధుల్లో బొమ్మ నిచ్చెనలు అమ్మకానికొచ్చాయి!

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. 1886లో సహచరులు వద్దంటున్నా గాల్వే సీటును ఆ ఒషేకే ఎందుకు కట్టబెట్టావని. పడకగది గుట్టు ప్రజల గడప తొక్కింది అక్కడే. అప్పుడు మింగేసి ఊరుకున్న ఆయన పార్టీకి, గ్లాడ్‌స్టన్ కన్నెర్ర చేశాక శీలం గుర్తొచ్చింది. 1890 డిసెంబర్ 6న 44 మంది సహచరులు పార్టీ సమావేశపు గది వదిలి వెళ్లిపోయారు. బిషప్పులు వెలివేసినంత పని చేశారు. కాసిల్‌కోమర్‌లో జనం ఆయన ముఖాన సున్నం కొట్టారు.

1891 జూన్‌లో కేథరిన్‌ను పెళ్లాడాడు. కాపురం మూడు నెలల ముచ్చటే అయింది. అక్టోబర్ 6న ఇంగ్లండ్‌లో, బ్రైటన్ పక్కన ఇంట్లో ఆమె దగ్గరే కన్నుమూశాడు.

డబ్లిన్‌లో శవయాత్రకు జనం విరగబడి వచ్చారు. ఐవీ ఆకులు తుంపి కోటుకు గుచ్చుకున్నారు. కేథరిన్ మాత్రం సముద్రానికి ఇవతలే, ఆ ఇంట్లోనే ఉండిపోయింది.