మహమ్మారి వేళ సరిహద్దు – మన అమానత్

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో మహమ్మారి ప్రబలిందన్న వార్త అందింది. ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను సంప్రదించి ఆయన వెనుదిరగ నిశ్చయించారు. ఇది అల్లాహ్ విధి నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపునకే మరలుతున్నామని ఖలీఫా బదులిచ్చారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్రవక్త (స) బోధను తెలిపారు: మహమ్మారి ఉన్న చోటికి వెళ్లరాదు, మనమున్న చోట అది వస్తే పారిపోరాదు. ఈ బోధలో మొదటి భాగం మన ప్రాణాన్ని కాపాడుతుంది. రెండవది మనం ఎన్నడూ చూడని వారి ప్రాణాన్ని కాపాడుతుంది.

పన్నెండు శతాబ్దాల అనంతరం ప్రపంచ దేశాలకు ఇదే సమస్య ఎదురైంది. ఆవిరి ఓడలతో పాటు కలరా కూడా వేగం పుంజుకుంది. 1851లో పారిస్‌లో పన్నెండు దేశాలు సమావేశమయ్యాయి. వాటిలో ఉస్మానియా సల్తనత్ ఒకటి. వ్యాధి ఎలా వ్యాపిస్తుందన్న వివాదం, వర్తకానికి నష్టమన్న భయం కారణంగా ఒప్పందం కుదరలేదు. 1865 హజ్‌లో కలరా వేలాది హాజీలను బలిగొని, ఈజిప్టు మీదుగా ఐరోపాకు పాకింది. మరుసటి ఏడే ఇస్తాంబుల్‌లో దేశాలు మళ్లీ కూడాయి. అయినా అమలులోకి వచ్చిన తొలి ఒప్పందం వెనిస్‌లో 1892లో గాని కుదరలేదు.

ఈలోగా 1882లో ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్ కేంద్రం వెలసింది. బొంబాయిలో ఓడ ఎక్కిన దక్కన్ హాజీలు కూడా అక్కడ దిగి, రుసుము చెల్లించి, బట్టలను ఆవిరి యంత్రాలకు అప్పగించి, రోజుల తరబడి వేచి ఉండేవారు. బొంబాయిలో ప్లేగు ప్రబలగా 1897లో ఆ రేవు నుండి హజ్ ప్రయాణమే ఆగిపోయింది. నియమం అవసరమైనదే. అయితే దాన్ని రచించిన వారి దృష్టి ప్రధానంగా ఐరోపా రక్షణపైనే ఉండేది. పేద హాజీ సాటి మనిషిగా కాక, వ్యాధిని మోసుకొచ్చే అనుమానితుడిగానే కనిపించాడు. ఆ బాధను మనం మరువరాదు. అలాగని ఆ బాధను సాకుగా చేసుకొని నియమాన్నే తృణీకరించరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ఉమ్మడి నియమావళిని ఆమోదించింది. 2005లో దాన్ని సవరించినప్పుడు, అంతర్జాతీయ ముప్పు కాగల వ్యాధిని గుర్తించిన 24 గంటల్లోగా తెలియజేయడం ప్రతి దేశానికీ విధి అయింది. ప్రయాణికుల గౌరవాన్ని కాపాడాలన్న మాట కూడా అందులో చేరింది. కమరాన్‌లో లోపించినది ఇదే.

సోదరులారా! నేడు హజ్‌కు పోయేవారికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) నివారణ టీకా తప్పనిసరి. సూది వేయించుకోకుండా కాగితంపై ముద్ర మాత్రమే కోరేవారూ మనలో లేకపోలేదు. జ్వరాన్ని దాచి విమానమెక్కేవారూ ఉన్నారు. అబద్ధపు కాగితంతో ఇహ్రామ్ ధరించి లబ్బైక్ అనడం ఎలా శోభిస్తుంది? పక్కన సజ్దాలో ఉన్న వృద్ధుడి ప్రాణం మన చేతిలోని అమానత్ కాదా? సర్గ్ వద్ద అమీరుల్ మోమినీన్ అంతటివారే ఆగిపోయారు. మనం ఒక సూది దగ్గర ఆగలేమా?

అల్లాహ్ మనకు సత్యసంధతను, రోగులకు స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.