మదర్‌బోర్డు ప్రమాణాల చరిత్ర - కొనుగోలుదారు దృష్టి

శక్తిమంతమైన డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి కూర్పించుకోవాలన్న ఆలోచన మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. వీడియో ఎడిటింగ్ కోసం కావచ్చు, త్రీడీ చిత్రాల కోసం కావచ్చు, ప్రోగ్రామింగ్ కోసం కావచ్చు. ఇంటి పొదుపులోంచి లక్ష రూపాయలు తీయడం చిన్న విషయం కాదు. అయినా దుకాణంలో మాటలన్నీ ప్రాసెసర్ చుట్టూ, గ్రాఫిక్స్ కార్డు చుట్టూ నడుస్తాయి. మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి "మీకు తోచిన మంచిది వేయండి" అనేస్తాం. గ్రాఫిక్స్ కార్డును రెండేళ్ల తరువాత మార్చుకోవచ్చు. బోర్డును మార్చాలంటే కంప్యూటర్ మొత్తం విప్పాలి. చాలాసార్లు దానితోపాటు ప్రాసెసర్‌నూ, ర్యామ్‌నూ కూడా మార్చాలి.

ఒక బోర్డు మీద ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చుకోకూడదో నిర్ణయించింది ఎవరు? ఇది విద్యుత్ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గాని, చాలావరకు చరిత్రకు సంబంధించిన ప్రశ్న. చరిత్ర అధ్యాపకుడినైన నేను ఈ పాఠం రాయడానికి కారణం అదే. బోర్డుకు మరొక భాగం వచ్చి కలిసే చోటును ఈ పాఠంలో 'అతుకు' అని పిలుచుకుందాం. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఒక అతుకు, కార్డు దిగే స్లాట్ ఒక అతుకు, కరెంటు తీగ గుచ్చే చోటు, క్యాబినెట్‌కు బిగించే మరల రంధ్రాలు కూడా అతుకులే. ప్రతి అతుకు వెనుక ఒక ఒప్పందమో, ఒక తగాదానో ఉంది.

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించింది. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఒక చిన్న బృందం సుమారు ఏడాదిలో దాన్ని తయారుచేసింది. అంత తక్కువ కాలంలో పూర్తి కావాలంటే బజారులో దొరికే భాగాలతోనే కట్టాలి. ప్రాసెసర్ ఇంటెల్ 8088, వేగం 4.77 మెగాహెర్ట్జ్, దానిమీద వేడి లాగే లోహపు రెక్కలు కూడా అవసరం లేదు. బోర్డు మీద 5 స్లాట్లు పెట్టి, ఇతరులు కార్డులు తయారుచేసుకోవడానికి వీలుగా సర్క్యూట్ పటాలతో సహా సాంకేతిక గ్రంథాన్ని అచ్చువేసి అమ్మారు. బయోస్ అనే ప్రారంభ ప్రోగ్రాం కూడా అందులో అచ్చయింది. అయితే దానిపై కాపీరైటు ఐబీఎందే. తలుపు తీసి ఉంచి తాళంచెవి మాత్రం జేబులో వేసుకున్నామని వారనుకున్నారు.

ఆ తాళం ఎక్కువ కాలం నిలవలేదు. కాంపాక్ సంస్థ 1982 నవంబరులో తన పోర్టబుల్ యంత్రాన్ని ప్రకటించింది. వారి పద్ధతి గమనించదగినది. ఒక బృందం ఐబీఎం బయోస్ ఏయే పనులు చేస్తుందో వివరంగా రాసిపెట్టింది. అసలు ప్రోగ్రాంను ఎన్నడూ చూడని మరొక బృందం ఆ వివరణను మాత్రమే చదివి కొత్త ప్రోగ్రాం రాసింది. నకలు కాదు కాబట్టి కాపీరైటు అడ్డురాలేదు. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇలాంటి బయోస్‌ను ఎవరికైనా అమ్మడం మొదలుపెట్టింది. ఇక బోర్డు తయారుచేయడానికి ఐబీఎం కానక్కరలేదు. తైవాన్‌లో గిగాబైట్, ఎంఎస్ఐ 1986లోనూ, ఆసుస్ 1989లోనూ పుట్టడానికి నేపథ్యం ఇదే. నేటికీ మీ ముందున్న బోర్డుల పెట్టెల మీద కనిపించేవి ఎక్కువగా ఈ పేర్లే.

చేజారిన దాన్ని తిరిగి పట్టుకోవాలని ఐబీఎం 1987 ఏప్రిల్‌లో పీఎస్/2 వరుసను తెచ్చింది. అందులోని పెద్ద యంత్రాలలో మైక్రో ఛానెల్ అనే కొత్త స్లాట్ పెట్టారు. సాంకేతికంగా అది పాతదానికంటే మెరుగైనదే, సందేహం లేదు. కాని పాత కార్డులేవీ అందులో దిగవు; ఆ స్లాట్ వాడుకోవాలంటే ఇతర సంస్థలు ఐబీఎంకు రుసుము చెల్లించాలి. 1988లో కాంపాక్‌తో కలిపి తొమ్మిది సంస్థలు ఒక్కటై, పాత కార్డులను కూడా అంగీకరించే ఈఐఎస్ఏ అనే స్లాట్‌ను ప్రకటించాయి. అది ఖరీదైనది కావడంతో సామాన్యుల బల్ల మీదికి రాలేదు. అయినా మైక్రో ఛానెల్ ఏకఛత్రాధిపత్యం కాకుండా అడ్డుపడింది. చివరికి 1992లో ఇంటెల్ రూపొందించిన పీసీఐ ఆ స్థానాన్ని ఆక్రమించింది. దాని వారసత్వమే నేటి పీసీఐ ఎక్స్‌ప్రెస్. విచిత్రమేమిటంటే, ఐబీఎం పట్టుబట్టిన మైక్రో ఛానెల్ పోయింది గాని, అదే పీఎస్/2 యంత్రాల నుంచి వచ్చిన గుండ్రని కీబోర్డు అతుకు కొన్ని కొత్త బోర్డుల వెనుక ఇప్పటికీ ఉంది. దానికి ఎవరూ రుసుము అడగలేదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఏటీ రకం కంప్యూటర్లలో కరెంటు రెండు వేర్వేరు ప్లగ్గుల ద్వారా బోర్డుకు వచ్చేది. రెండూ చూడటానికి ఒకేలా ఉండేవి. 1990ల మధ్యలో మా విభాగానికి ఉన్న ఒకే ఒక కంప్యూటర్‌ను దుమ్ము దులుపుదామని నేనే విప్పి, తిరిగి బిగించేటప్పుడు వాటిని అటుదిటు చేశాను. స్విచ్ వేయగానే కమురు వాసన వచ్చింది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తీసుకువెళితే, ఒక దుకాణంలోని కుర్రవాడు బోర్డు వాసన చూసి, "నల్ల తీగలు రెండూ పక్కపక్కన ఉండాలి సార్" అన్నాడు. అప్పటికే విభాగం ఆ ఏడాది పుస్తకాల డబ్బు కొత్త బోర్డుకు పోయింది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ఈ రెండు ప్లగ్గుల స్థానంలో తిరగేసి పెట్టడానికి వీలులేని ఒకే ప్లగ్గును తెచ్చింది. నాకు ఆ ప్రమాణం మీద ఉన్న గౌరవానికి కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఏటీఎక్స్ బోర్డు కొలత 305 × 244 మిల్లీమీటర్లు. ఎవరైనా అనుసరించగల ప్రమాణం కావడం వల్ల క్యాబినెట్లు, పవర్ సప్లైలు చేసేవారంతా దాన్నే పట్టుకున్నారు. తరువాత ప్రాసెసర్ల వేడి పెరిగినప్పుడు ఇంటెల్ సంస్థే 2004 ప్రాంతంలో బీటీఎక్స్ అనే కొత్త అమరికను తీసుకువచ్చింది. ఎక్కువమంది కదలలేదు, 2006లో దాన్ని వదులుకుంది. ఒక ప్రమాణం జనంలో కుదురుకున్నాక దాన్ని పుట్టించినవారికి కూడా మార్చడం సాధ్యం కాదు. అందువల్ల క్యాబినెట్, పవర్ సప్లై మంచివి కొంటే ఆ డబ్బు రెండు మూడు బోర్డుల కాలం నిలుస్తుంది.

ప్రాసెసర్ సాకెట్ చరిత్ర దీనికి పూర్తిగా విరుద్ధం. 1990ల మధ్యలో సాకెట్ 7 బోర్డు ఒకటి ఉంటే ఇంటెల్ పెంటియం, ఏఎండీ కె6, సైరిక్స్ ప్రాసెసర్లలో ఏదైనా అందులో పెట్టుకోవచ్చు. 1997లో ఇంటెల్ పెంటియం 2తో పాటు తనకు మాత్రమే చెందిన స్లాట్ 1ను తెచ్చింది. 1999లో ఏఎండీ స్లాట్ ఎ తెచ్చింది. చూపుకు అదే అతుకు, తిప్పి అమర్చారంతే, కాని ఒకరిది మరొకరి దానిలో పనిచేయదు. ఆనాటి నుంచి బోర్డు కొనడమంటే ఒక ప్రాసెసర్ సంస్థ పక్షాన చేరడమే. అంతకంటే కష్టం 2017లో చూశాం. అక్టోబరులో వచ్చిన ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లకు కూడా పాతవాటిలాగే 1151 స్పర్శ బిందువులున్నాయి. అయినా అదే ఏడాది జనవరిలో వచ్చిన జెడ్270 బోర్డులలో అవి పనిచేయవు, జెడ్370 కొనాలి.

ఏఎండీ ఏఎం4 సాకెట్ కథ కొంత మేలు. 2017లో కొన్నవారు 2022లో వచ్చిన ప్రాసెసర్లను కూడా అదే బోర్డులో పెట్టుకోగలిగారు. కాని అది దానంతట అది జరగలేదు. పాత బోర్డులలో బయోస్ చిప్ 16 మెగాబైట్లే కాబట్టి కొత్త తరానికి మద్దతు ఇవ్వలేమని ఆ సంస్థ 2020 మేలో చెప్పింది. వినియోగదారులు గట్టిగా నిరసించారు. కొద్ది రోజులకే 400 వరుస బోర్డులకు, 2022లో 300 వరుస బోర్డులకు అనుమతి వచ్చింది. నేటి ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆపైన కూడా మద్దతు ఉంటుందని చెబుతున్నారు. నేను కొంటే ఆ మాటకు కొంత విలువ కడతాను, పూర్తి విలువ కట్టను. సంస్థ ఇచ్చిన మాట వేరు, పలువురు కలిసి పాటించే ప్రమాణం వేరు.

కరెంటు సంగతి కూడా చూడాలి. నేటి అగ్రశ్రేణి డెస్క్‌టాప్ ప్రాసెసర్ పూర్తి భారంలో 250 వాట్ల దాకా తీసుకుంటుంది. అంటే మూడు పాత సీలింగ్ ఫ్యాన్ల కంటే ఎక్కువ. అయితే అది సుమారు 1.25 వోల్టుల వద్ద తీసుకుంటుంది కాబట్టి ప్రవాహం 200 ఆంపియర్ల దాకా వస్తుంది. 12 వోల్టులను అంత దిగువకు తెచ్చే పని సాకెట్ చుట్టూ ఉన్న చిన్న భాగాలది. 2000ల తొలి సంవత్సరాలలో ఆ చోట వాడిన నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, అనేక సంస్థల బోర్డులు మూలపడ్డాయి. ద్రవం నింపిన కెపాసిటర్ ఆయువు ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు సగమవుతుంది. ఇప్పుడు ఘన కెపాసిటర్లు వచ్చాయి గాని రామగుండం వేసవిలో ఏసీ లేని గదిలో పనిచేసే బోర్డుకు, విద్యుత్ భాగాల మీద బరువైన లోహపు దిమ్మెలు ఉండటం అలంకారం కాదు. రంగుల దీపాలు మాత్రం అలంకారమే. వాటికి డబ్బు పెట్టవద్దు.

చరిత్ర విద్యార్థికి ప్రకటన వేరు, మూల ఆధారం వేరని మీకు తెలుసు. బోర్డు విషయంలో మూల ఆధారం దాని మాన్యువల్. కొనకముందే తయారీదారు సైటు నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. పెట్టె మీద మూడు పొడవైన స్లాట్లు కనిపిస్తాయి. కాని రెండోదాని వెనుక 16కు బదులు 4 దారులే ఉన్నాయనీ, ఫలానా చోట ఎం.2 డ్రైవ్ పెడితే ఆ స్లాటో, రెండు సాటా అతుకులో పనిచేయడం మానేస్తాయనీ మాన్యువల్‌లోని చిన్న అక్షరాలలో ఉంటుంది. మీరు కొనదలచిన బోర్డు మాన్యువల్ తెరిచి, అందులో బ్లాక్ డయాగ్రమ్ ఉంటే ముందు దాన్ని చూడండి. మీ గ్రాఫిక్స్ కార్డు, రెండు డ్రైవులు, నాలుగు ర్యామ్ పట్టీలు ఎక్కడ కూర్చుంటాయో పెన్సిల్‌తో గీయండి. ఆ తరువాత అదే సైటులో ప్రాసెసర్ మద్దతు పట్టికకు వెళ్లి, ఆ బోర్డుకు చివరిసారి బయోస్ ఏ తేదీన ఇచ్చారో, అదే సంస్థ మూడేళ్ల కిందటి బోర్డులకు చివరిసారి ఎప్పుడు ఇచ్చిందో పక్కపక్కన రాసుకోండి.